కాస్త పక్కకి జరగండి

ఫొటోలు తీసేవాళ్ళకి ఒక పిచ్చి ఉంటుంది. ఎక్కడికి వెళ్ళినా అక్కడ మనిషన్నవాడు కనబడకూడదు. గుడి తీస్తే భక్తులు అడ్డం, కోట తీస్తే మెట్ల మీద పిల్లలు అడ్డం, చెరువు తీస్తే గట్టున బట్టలుతికేవాళ్ళు అడ్డం. తెల్లారగట్ల అలారం పెట్టుకుని లేస్తాం. జనం రాకముందే చేరుకుంటాం. అప్పటికే వచ్చి కూర్చున్న ఒకరిద్దర్ని "కాస్త పక్కకి జరగండి" అని బతిమాలతాం. అలా ఖాళీ చేయించిన చోటుని ఇంటికి తెచ్చి, ఫ్రేము కట్టించి గోడకి తగిలిస్తాం. వచ్చినవాళ్ళు చూసి "అబ్బ, ఎంత ప్రశాంతంగా ఉందండీ" అంటారు. ఇక మన కష్టం ఫలించినట్టే.

కొండకీ సముద్రానికీ ఈ పిచ్చి వల్ల వచ్చే నష్టమేమీ లేదు. మనం పుట్టకముందూ ఉన్నాయి, పోయాకా ఉంటాయి. కాలిదారి సంగతి వేరు. ఎవరూ నడవకపోతే అది పుట్టనే పుట్టదు. నడిచేవాళ్ళు మానేస్తే నాలుగు వానలకి గడ్డి మొలిచి మాయమైపోతుంది. అలాంటిదాన్ని, మనుషుల్ని తప్పించి తీసిన ఫొటోలో ఏం మిగులుతుంది? ఈ ప్రశ్న నన్ను పట్టుకున్నది హవాయిలో, సముద్రం పక్కనే నల్లటి లావా మీద సాగిపోయే ఒక పాత దారిలో.

హవాయి దీవుల్లోకెల్లా పెద్దదాన్ని అందరూ బిగ్ ఐలండ్ అంటారు. దాని ఒడ్డు వెంబడి పోయే దారికి ఇప్పటి పేరు ఆలా కహకై. 2000 సంవత్సరం నవంబరులో అమెరికా ప్రభుత్వం దీన్ని జాతీయ చారిత్రక మార్గంగా ప్రకటించింది. ఉత్తరపు కొసన ఉపోలు దగ్గర మొదలై, పడమటి ఒడ్డున కోహలా, కోనా ప్రాంతాల మీదుగా దిగి, దక్షిణపు కొస చుట్టి, అగ్నిపర్వతాల నేషనల్ పార్కు తూర్పు సరిహద్దు దాకా వెళ్తుంది. మొత్తం 175 మైళ్ళు. ఇంచుమించు విజయవాడ నుంచి హైదరాబాదు దూరం. అయితే ఈ కొస నుంచి ఆ కొస దాకా తిన్నగా నడిచేయొచ్చు అనుకునేరు. పాత కాలిబాటలు, వాటి మీద తర్వాత వేసిన గుర్రపుబాటలు, బండిబాటలు, జాలర్లు తిరిగే అడ్డదారులు, అన్నీ కలిపి గుదిగుచ్చిన పేరు అది. నడుమ కొన్ని ముక్కలు లావా కిందికి పోయాయి, కొన్ని కట్టడాల కిందికి పోయాయి. కొన్నిచోట్ల దారి ఎటు పోయేదో ఇంకా వెతుకుతూనే ఉన్నారు.

లావా అంటే మనకి సినిమాల్లో ఎర్రగా పొగలు కక్కుతూ పారేదే తెలుసు. చల్లారాక అది రెండు రకాలుగా ఉంటుంది. ఆ రెండిటికీ హవాయి వాళ్ళు పెట్టుకున్న పేర్లనే ప్రపంచమంతటా భూగర్భ శాస్త్రవేత్తలు వాడతారు. ఒకటి పాహోయిహోయి. పైన పాల మీద మీగడ ముడుచుకున్నట్టు మడతలు పడి, ఆ మడతల మీద సన్నని గాజుపొర మెరుస్తూ ఉంటుంది. రెండోది ఆ-ఆ. తలకాయంత గడ్డ నుంచి పిడికెడంత ముక్క దాకా అన్నీ పదునైన అంచులే, కాలు పెడితే దొర్లిపోతాయి, చెయ్యి ఆనిస్తే చీరుకుపోతుంది. కొత్త బూట్లయినా కొద్ది రోజుల నడకకే అడుగున కోతలు తేలతాయి. పాతకాలపు హవాయి వాళ్ళు వీటి మీద నడవడానికి టీ అనే మొక్క ఆకులతో చెప్పులు అల్లుకునేవారు.

ఈ రెండు రకాల రాళ్ళ మీద దారి పుట్టే పద్ధతి కూడా రెండు రకాలు. పాహోయిహోయి మీద ఎవరూ ఏమీ కట్టనక్కర్లేదు. ఒకరి వెనక ఒకరు నడుస్తూ పోతే గాజుపొర నలిగి, గరుకులు అరిగి, చాలా ఏళ్ళకి ఒక నున్నటి చార పడుతుంది. ఆ-ఆ మీద అలా కుదరదు. అందుకని ఒడ్డున అలలు దొర్లించి నునుపు చేసిన గుండ్రాళ్ళని మోసుకొచ్చి, అడుగుకి ఒకటి చొప్పున ఆ గడ్డల మధ్య కూర్చారు. ఒక రాయి మీది నుంచి ఇంకో రాయి మీదకి అడుగేసుకుంటూ పోవాలి. అంగ దూరం రాళ్ళే చెబుతాయి. వాటి మీద నడుస్తుంటే, నాకన్నా పొడుగ్గా ఉన్నవాళ్ళెవరో నన్ను తొందరపెడుతున్నట్టు ఉంటుంది. కొన్నిచోట్ల తెల్లటి పగడపు ముక్కలు కూడా పెట్టేవారు, రాత్రి నడకలో చీకట్లో తెల్లగా కనబడతాయని. పగలంతా కాలే నల్లరాయి మీద చల్లటి వేళ నడవడమే తెలివైన పని మరి.

ఇక ఫొటో సంగతి. పగటిపూట ఈ నేల మీద కెమెరా చేసే నిర్వాకం చూడాలి. కెమెరాలో వెలుగు కొలిచే మీటరుకి తెలిసింది ఒక్కటే: ప్రపంచంలో ప్రతిదీ సగటున ఒక మధ్యరకం బూడిదరంగు అని. దాని ముందు బొగ్గులాంటి లావా పెడితే, పాపం చీకటిగా ఉందనుకుని వెలుగు ఎక్కువ పోనిస్తుంది. నల్లరాయి బూడిదకుప్పలా తయారవుతుంది. అలల నురుగూ పగడపు ముక్కలూ తెల్లగా కాలిపోయి వాటిలో ఇంకే వివరమూ మిగలదు. దాని మాట వినకుండా ఒక స్టాపో, ఇంకాస్త ఎక్కువో తగ్గించుకోవాలి. దీనికి తోడు ఉప్పుజల్లు. పది నిమిషాలకోసారి లెన్సు తుడవకపోతే మంచు పట్టినట్టు ఫొటోలొస్తాయి. ట్రైపాడు కాళ్ళు ఆ-ఆ గడ్డల మధ్య ఇరుక్కుని లాగితే రావు.

ఇంత చేసినా మధ్యాహ్నం వేళ పాహోయిహోయి మీద దారి కంటికి ఆనదు. కాలికే తెలుస్తుంది. కోనా ఒడ్డు పడమటి వైపుంది. తూర్పున హువలాలై, మౌనా లోవా కొండలు అడ్డు. అందుకని పొద్దున ఎండ ఆలస్యంగా దిగుతుంది, సాయంత్రం మాత్రం సముద్రం మీది నుంచి ఏటవాలుగా నేలని రాసుకుంటూ వస్తుంది. ఆ వేళకి ఎదురెండలోకి తిరిగి, మోకాళ్ళ మీద కూర్చుని, కెమెరాని జానెడెత్తుకి దించి చూస్తే చుట్టూ ఉన్న మడతల మీద వెలుగు ముక్కలు ముక్కలుగా చెదిరిపోతూ ఉంటుంది. ఆ చెదరడం మధ్యలో అడుగో అడుగున్నరో వెడల్పున ఒక పట్టీ మీద మాత్రం వెలుగు సాఫీగా సాగిపోతుంది. అక్కడక్కడ మడత ఎత్తుగా ఉన్నచోట దాని నడినెత్తి మాత్రమే అరిగి, పక్కలు గరుకుగా మిగిలిపోయాయి. అంటే పాదం ఆనిన చోటు ఎంతో అంతే. వాళ్ళ పేర్లు తెలీవు, ముఖాలు తెలీవు, ఎంతమందో తెలీదు. అడుగు ఎక్కడ వేశారో మాత్రం తెలుస్తుంది. ఆ పట్టీని తీసిన ఫొటోని ఖాళీ ఫొటో అనడానికి నాకు నోరు రాదు.

బాబాయీ పిన్నీ అమెరికా చూడ్డానికి వచ్చినప్పుడు వాళ్ళని ఈ ఒడ్డుకి తీసుకెళ్ళాను. బాబాయిది కొవ్వూరు. ఆర్ అండ్ బీలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యాడు. సముద్రం, సూర్యాస్తమయం, తాబేళ్ళు ఇలాంటివేవీ ఆయన్ని పెద్దగా కదిలించలేదు. హోనౌనౌ పార్కు దగ్గర కారు దిగీ దిగగానే వంగి ఒక రాయి చేతిలోకి తీసుకున్నాడు. అటూ ఇటూ తిప్పి బరువు చూశాడు.

"ఒరే, ఇది మన పంగిడి రాయేరా."

నవ్వొచ్చింది కానీ ఆయన మాటలో సత్తా ఉంది. కొవ్వూరు దగ్గర పంగిడి, గౌరీపట్నం క్వారీల్లో తవ్వి, క్రషర్లో వేసి, గోదావరి జిల్లాల రోడ్లకి పోసిన నల్ల కంకర కూడా బసాల్టే. ఒకప్పటి లావాయే. ఆరున్నర కోట్ల ఏళ్ళ కిందట దక్కను పీఠభూమిని పరిచిన లావా, పాత నదీలోయలు పట్టుకుని వెయ్యి కిలోమీటర్ల దాకా పారి రాజమండ్రి పరిసరాలకి చేరిందని చాలామంది శాస్త్రవేత్తల అభిప్రాయం. అది నిజమైతే భూమ్మీద తెలిసిన అతి పొడుగైన లావా ప్రవాహాల్లో అదొకటి. ఇక్కడ బాబాయి చేతిలో ఉన్నది ఆ లెక్కన నిన్నటి పిల్ల. ఆయనకి ఆ కోట్ల ఏళ్ళతో పనిలేదు. "గట్టి రాయి. ఇరవై ఎమ్మెమ్ కొట్టిస్తే ఫస్టు క్లాసు మెటలు" అని కింద పడేశాడు. పార్కులోంచి రాళ్ళు పట్టుకెళ్ళకూడదని నేను చెప్పబోయేలోపే పడేశాడు, అది వేరే సంగతి.

హోనౌనౌ ఒకప్పుడు శరణాలయం. కట్టుబాటు తప్పినవాడు, యుద్ధంలో ఓడినవాడు, తరిమేవాళ్ళకి దొరక్కుండా దీని లోపలికి చేరుకుంటే ఇక ప్రాణానికి భయం లేదు. పూజారి పరిహారం జరిపించి పంపేవాడు. దాన్ని ఆనుకున్న గోడ పన్నెండడుగుల ఎత్తు దాకా ఉంటుంది, అంతా వట్టి రాళ్ళ పేర్పు. అక్కడి నుంచి దక్షిణంగా కీయిలాయె అనే పాత ఊరి దిబ్బల వైపు ఒక దారి పోతుంది. 1871లో బాగుచేశారు కాబట్టి 1871 ట్రెయిల్ అనే పేరుతోనే పిలుస్తారు. రెండు పక్కలా రాళ్ళ వరస, నడుమ చదును. దారి పక్కన కియావె చెట్లు. చూడగానే పిన్ని "ఇదేమిటి, సర్కారు తుమ్మ ఇక్కడ కూడానా!" అంది. దాదాపు అంతే. రెండూ దగ్గరి చుట్టాలు. ఈ చెట్టుని హవాయిలో మొదట నాటింది 1828లో ఒక ఫ్రెంచి మతగురువు. మన పల్లెల్లో సర్కారు తుమ్మ ఏం చేసిందో ఇక్కడ ఇదీ అదే చేసింది. ఎండిపోయిన ఒడ్డంతా ఆక్రమించింది. ముల్లు రబ్బరు చెప్పులోంచి సూటిగా కాలికి దిగుతుంది.

బాబాయి ఆ దారిని చదవడం మొదలెట్టాడు. చదవడమే, ఇంకో మాట లేదు. గొంతుక్కూర్చుని పక్క రాళ్ళని తట్టి చూశాడు. "కెర్బు చూడు, చదును మొహం లోపలికి తిప్పి పెట్టాడు. వెనకాల చిప్పలు బిగించాడు. సిమెంటు చుక్క లేదు." కొంచెం ముందుకెళ్ళి, "ఇక్కడ సోలింగ్ ఎత్తు చేశాడు, నీళ్ళు నిలుస్తాయని." అలహకా అనే చోట కొండచరియ అడ్డమొస్తుంది. గుర్రాలు ఎక్కడానికి వీలుగా ఆ చరియకి వారగా రాళ్ళు పేర్చి వాలుదారి కట్టారు. దాని కింద నిలబడి తలెత్తి చూస్తూ, "వీడెవడో గ్రేడియెంటు తెలిసినోడు" అన్నాడు. బాబాయి నోట ఒక పనివాడికి దక్కే అతి పెద్ద మెప్పు అది.

నేను అప్పటికి ట్రైపాడు పెట్టి, ఆ రెండు వరసల రాళ్ళూ దూరంగా వెళ్ళి ఒకచోట కలిసేలా ఫ్రేము సర్దుకున్నాను. బాబాయి సరిగ్గా మధ్యలో కూర్చున్నాడు.

"బాబాయ్, కాస్త పక్కకి జరుగు. ఫ్రేములోకి వస్తున్నావు."

"వస్తే ఏమైందిరా? నన్ను తీసేస్తే దీని వెడల్పెంతో చూసేవాడికి ఎలా తెలుస్తుంది? రెండడుగులూ అనుకోవచ్చు, ఇరవై అడుగులూ అనుకోవచ్చు."

లేచి జరిగాడు కానీ ఊరికే జరగలేదు. చెప్పు విప్పి కెర్బు రాయికి ఆనించి పెట్టాడు. "ఇదిగో. ఇప్పుడు తియ్యి." ఆయన సర్వీసంతా ఎం-బుక్కులో కొలతలు రాయడంలో గడిచింది. కొలత లేని బొమ్మ ఆయన దృష్టిలో బొమ్మే కాదు. భూగర్భ శాస్త్రవేత్తలు కూడా రాయిని తీసేటప్పుడు పక్కన సుత్తి పెడతారు. అందం కోసం తీసేవాళ్ళమే మేం, ఆ కొలతని ఫ్రేములోంచి గెంటేస్తాం.

తిన్నగా పోయే ఈ రాళ్ళ వరసల దారి ఫొటోలకి ఎంతో బాగుంటుంది. చూసే కన్నుని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్తుంది. ఆలా కహకై అని ఎక్కడ చూసినా కనబడే ఫొటోలు ఎక్కువగా ఇలాంటివే. కానీ ఇది అసలు పాత దారి కాదు. పాతది ఒకరి వెనక ఒకరు నడిచే దారి, ఒడ్డు ఎలా వంకర తిరిగితే అలా తిరిగేది. 1803లో రిచర్డ్ క్లీవ్‌లండ్ అనే ఓడ వర్తకుడు హవాయికి మొదటిసారి గుర్రాలు తెచ్చాడు. ఆ తర్వాత దారుల నడవడికే మారిపోయింది. గుర్రానికి గుండ్రాళ్ళ మీద అడుగులు పడవు. అందుకని దారి వెడల్పయింది, వంపులు పోయి గీత గీసినట్టు తిన్నగా అయింది. మరి ఎవరు వేశారు? వాయికొలోవా లావా మైదానం మీద కనుచూపు మేర తిన్నగా పోయే రాజుదారిని 1830ల నుంచి 1850ల దాకా వేసినవాళ్ళలో పన్ను కట్టలేని పేదలున్నారు, శిక్షపడ్డ ఖైదీలున్నారు. మన దగ్గర వెట్టి ఎలాంటిదో ఇదీ అలాంటిదే. లీడింగ్ లైన్ అని మేం మురిసిపోయే ఆ గీత వెనక ఎండలో రాళ్ళు మోసిన వాళ్ళ నడుములున్నాయి. ఇది తెలిశాక ఆ గీత అందం తగ్గలేదు నాకు. కాకపోతే "ప్రశాంతత" అని దానికి పేరు పెట్టడానికి మనసొప్పదు.

పాతవాళ్ళు తమ నడకని తామే ఎలా గుర్తుపెట్టుకున్నారో చూస్తే ఈ విషయం ఇంకా తేటగా అర్థమవుతుంది. 1823లో విలియం ఎల్లిస్ అనే ఇంగ్లీషు మిషనరీ, మరికొందరు అమెరికన్ మిషనరీలతో కలిసి ఈ దీవి చుట్టూ తిరిగాడు, చాలావరకు కాలినడకనే. దారి పక్కన లావా మీద చెక్కిన వలయాలు, అర్ధవలయాలు, చుక్కలు, మనుషుల బొమ్మలు చూసి అవేమిటని అడిగాడు. దీవి చుట్టివచ్చిన బాటసారులు చెక్కినవని చెప్పారు. మధ్యలో ఒక చుక్క పెట్టి చుట్టూ వలయాలు గీస్తే, చుక్క మనిషి, ఎన్ని వలయాలుంటే అంతమంది కలిసి దీవి చుట్టారని. వలయం చుట్టూ గీతలుంటే అవీ మనుషుల లెక్కే. వలయం సగమే ఉంటే, ఇక్కడిదాకా వచ్చి వెనక్కి తిరిగామని.

ఆ సగం వలయం నాకెంతో నచ్చింది. పూర్తిచేయలేదని సిగ్గుపడి మానేయలేదు. ఎంత నడిచారో అంతే చెక్కారు.

చూడండి, ఆ చెక్కినవాళ్ళ ఎదురుగా అదే సముద్రం ఉంది, అదే కొండ ఉంది, అదే సూర్యాస్తమయం ఉంది. వాటినెవరూ చెక్కలేదు. ఎవరం వచ్చాం, ఎంతమందిమి, ఎంత దూరం: ఇవే చెక్కారు. దక్షిణాన, అగ్నిపర్వతాల పార్కులో కావూ, పూనా ప్రాంతాల మధ్య నడిచే పాత దారి పక్కనే పువులోవా అనే చోటుంది. అక్కడి లావా దిబ్బ మీద 23,000కి పైగా చెక్కుళ్ళున్నాయి. వాటిలో ఎక్కువ భాగం వట్టి గుంటలు, ఒక్కోటి బొటనవేలు పట్టేంత. పుట్టిన బిడ్డ బొడ్డుతాడుని అలాంటి గుంటలో పెట్టి రాయి మూసేవారు, బిడ్డకి దీర్ఘాయుష్షు కలగాలని. దాని చుట్టూ ఇప్పుడు చెక్కబాట కట్టారు, అడుగు బయట పెట్టకుండా చూడాలి. ఏటవాలు ఎండలో ఆ గుంటలన్నీ నీడతో నిండిపోతాయి. ఒక్కో నీడా ఒక బిడ్డని తెలుసుకున్నాక, ఆ మైదానాన్ని నిర్మానుష్యం అని ఎవరైనా ఎలా రాస్తారో నాకు తెలీదు. కానీ ట్రావెల్ పుస్తకాల్లో అలాగే రాస్తారు.

దీవి చుట్టడమన్నది ఊరికే సరదా ప్రయాణం కాదు. ఏటా మకహికి పండగ రోజుల్లో లోనో దేవుడి చిహ్నాన్ని పొడుగాటి కర్రకి కట్టి దీవంతా ఊరేగించేవారు. నేల కుడిచేతి వైపు ఉండేలా నడిచేవారు. అంటే మన ప్రదక్షిణ దిశే. సముద్రం నుంచి కొండ దాకా ముక్కలుగా విడదీసిన ఒక్కో నేలకీ సరిహద్దు దగ్గర ఒక రాతిగుట్ట ఉండేది. అక్కడ ఆగి ఆ నేలవాళ్ళు కట్టాల్సిన కానుకలు పుచ్చుకుని, పక్క నేలలోకి అడుగుపెట్టేవారు. ఆలా కహకై అలాంటి నేలలు 200కి పైగా దాటుతుంది. దేవుడూ, పన్నూ, సరిహద్దూ ఒకే దారిన నడిచాయి. మేం ఫొటో తీసేది ఈ దారినే.

ఖాళీగా తీస్తే ఏం పోతుంది, బొమ్మే కదా అనొచ్చు. నేనూ కొన్నాళ్ళు ఆ వాదం వినిపించేవాణ్ణి. కానీ ఖాళీ బొమ్మకి ఒక బజారు ఉంది. 1960ల నుంచి ఈ పడమటి ఒడ్డున రిసార్టులు లేవడం మొదలైంది. వాటికి మొదటి దన్ను "అక్కడేముంది, వట్టి లావా" అనే మాట. మన రెవెన్యూ భాషలో బంజరు, పోరంబోకు. పంట లేనిచోట, ఇల్లు లేనిచోట మనిషి హక్కు కూడా లేదనుకోవడం ఎక్కడైనా ఒకటే. బుల్డోజరుతో ఆ-ఆని నలగ్గొట్టి, మన్ను తెచ్చి పోసి, పచ్చగడ్డి పరిచి గోల్ఫ్ మైదానాలు చేశారు. వాయికొలోవాలో చెక్కుళ్ళున్న రాతినేలకి ఒక పక్క గోల్ఫ్ పచ్చిక, ఇంకో పక్క దుకాణాల వరస. వాటి నడుమ నుంచే రాజుదారి పోతుంది. పచ్చిక కనబడకుండా నల్లరాయినీ దారినీ మాత్రం ఇరికించి తీస్తే బొమ్మ గొప్పగా వస్తుంది. చాలామంది అలాగే తీస్తారు. నాకైతే ఆ పచ్చిక కూడా పడాలి. బంతి కోసం దారి దాటే ఆసామి పడితే మరీ మంచిది. ఈ దారికి ఇప్పుడున్న పొరుగువాళ్ళు వాళ్ళేగా.

రిసార్టుల మధ్యలోంచి మామూలు మనిషి ఇంకా ఒడ్డుకి నడిచి వెళ్ళగలుగుతున్నాడంటే దాని వెనక ఒక పాత చట్టం బలం ఉంది. 1892లో, రాణి లిలియువొకలానీ పాలనలో హైవేస్ యాక్టు వచ్చింది. అప్పటికి వాడుకలో ఉన్న ప్రజల దారులు, కాలిబాటలతో సహా, ప్రజలవేనని అది చెప్పింది. మరుసటి ఏడు జనవరిలోనే ఆ రాణిని గద్దె దించేశారు. 1898లో దీవుల్ని అమెరికా కలిపేసుకుంది. రాజ్యం పోయింది, చట్టం మిగిలింది. ఇవాళ్టికీ ఒక దారి మీద తగాదా వస్తే అడిగే ప్రశ్న, ఇది 1892కి ముందు ఉందా అని. దానికి సాక్ష్యాలు పాత మ్యాపులు, సర్వే పుస్తకాలు, పందొమ్మిదో శతాబ్దంలో సరిహద్దులు తేల్చడానికి కూర్చున్న కమిషనర్ల ముందు ఊరి పెద్దలు చెప్పిన వాంగ్మూలాలు. మన ఊళ్ళలో డొంకదారి మీద తగువొస్తే సర్వే కొలతల పుస్తకం (ఎఫ్ఎంబీ) తీసి, ముసలివాళ్ళని పిలిపించి, "తాతా, చిన్నప్పుడు బండ్లు ఇటే పోయేవా?" అని అడగడం లాంటిదే.

ఆ పద్ధతిలో లావా కూడా ఒక సాక్షే. ప్రవాహానికి తేదీ తెలిస్తే, దాని మీది దారి అంతకన్నా పాతది కాలేదు. కోనా విమానాశ్రయం ఉన్నది హువలాలై 1801లో కక్కిన లావా మీద. కీహోలో ఒడ్డున కమెహమెహా రాజు బాగుచేయించిన పెద్ద చేపల చెరువుని మింగింది 1859లో మౌనా లోవా నుంచి 50 కిలోమీటర్లు పారివచ్చిన లావా. ఆ 1859 లావా మీద నడిచిన అరుగుదల చార కనబడితే, ఆ అరుగుదల అంతా ఆ తర్వాతి కాళ్ళదే. చెరువు పోయింది, పాత దారి పోయింది. వేడి ఆరగానే జనం వచ్చి మళ్ళీ అడుగులు వేశారు. తూర్పు కొసన అయితే ఈ పని ఇప్పటికీ తెమల్లేదు. 1983లో మొదలై 2018 దాకా సాగిన విస్ఫోటనంలో ఒడ్డు పొడుగునా దారులూ ఊళ్ళూ కప్పుకుపోయాయి. 1997లో వహవులా అనే పురాతన ఆలయం మునిగిపోయింది. అక్కడ ఫొటో తీస్తే నిజంగానే ఖాళీ నేల. ఇంకా ఎవరి కాళ్ళూ అరగదీయని గాజుపొర.

డ్రోనులవాళ్ళ గురించి ఒక మాట. నేషనల్ పార్కుల్లో డ్రోను ఎగరేయడం 2014 నుంచి నిషేధం. పక్షుల కోసమో, జనం ప్రశాంతత కోసమో పెట్టారు. నాకు మాత్రం వేరే కారణానికి నచ్చింది. కాలితో పుట్టినదాన్ని కాలు ఆనించకుండా చూడడం ఏం చూడడం? పై నుంచి చూస్తే దారి ఒక గీత. ఎక్కడ రాయి కదులుతుందో, ఎక్కడ ముల్లుందో, ఎక్కడ గాలి ఎదురు తిరుగుతుందో ఆ గీతలో ఉండదు. ఇంకో జబ్బు రాళ్ళు పేర్చడం. వచ్చినవాళ్ళు దారి పక్క రాళ్ళు పీకి ఒకదాని మీద ఒకటి నిలబెట్టి, దాని వెనక అస్తమిస్తున్న సూర్యుణ్ణి పెట్టి ఫొటో తీసుకుంటారు. ఆ పీకిన రాయి ఏ కెర్బుదో, ఏ సరిహద్దు గుట్టదో, ఏ సమాధిదో ఎవరికి తెలుసు? పార్కువాళ్ళు వద్దని చెబుతూనే ఉంటారు. ఆ దారుల్ని తాతముత్తాతల నుంచి కనిపెట్టుకుని ఉన్న కుటుంబాలవాళ్ళు వచ్చి ఆ పేర్పులు ఓపిగ్గా విప్పుతూనే ఉంటారు. వాళ్ళు పనిచేస్తుంటే ఎవరూ కెమెరా తీయరు. నా కళ్ళకి అసలు ఫొటో అదే. అడక్కుండా తీయకూడదు, అడిగితే కొందరు వద్దంటారు. వద్దన్నప్పుడు కెమెరా మూసేసి రాళ్ళు అందిస్తే సరిపోతుంది.

తిరిగొచ్చాక ఫొటోలన్నీ ఇంట్లోవాళ్ళ గ్రూపులో పెట్టాను. ఖాళీ దారీ ఎర్రటి ఆకాశమూ ఉన్నదానికి అందరూ చేతులు జోడించారు. బాబాయి ఆ రోజంతా ఏమీ మాట్లాడలేదు. మర్నాడు ఫోను చేశాడు.

"ఒరే, కెర్బు పక్కన నా చెప్పు పెట్టి తీయించాను చూడు, అది పెట్టలేదే? అది పంపు. మా పాత కాంట్రాక్టరు సిమెంటు లేనిదే సైడు గోడ నిలబడదని నాతో సర్వీసంతా వాదించాడు. నూటయాభై ఏళ్ళు నిలబడింది, చూసుకోమని చెబుతా."

పంపాను. రెండ్రోజులు పోయాక మళ్ళీ చేశాడు. కాంట్రాక్టరు ఫొటో పెద్దది చేసుకుని చూశాడట. పని బాగుందని ఒప్పుకున్నాడట. మీటరుకి రేటెంత పడిందో కనుక్కోమన్నాడట. ఆ రోజుల్లో ఆ దీవిలో దారుల పనికి మనుషుల్ని పన్ను కింద పట్టేవారని, ఖైదీల్నీ తోలేవారని నేను చెప్పాను.

"అదీ సంగతి," అన్నాడు బాబాయి. "వాడు కొటేషను వేసుకుంటున్నాడు. ఆ రేటుకి వాడివల్ల కాదని చెప్పేస్తా."